తడి వేలు

పదకొండేండ్ల నుంచి కండక్టర్ పని.
ఆలాపల్లి నుంచి సిరొంచ దాకా
అడవిల ఊగే బండిలో నిలబడి
చిల్లర ఎన్నడూ తప్పలె.
తప్పితే జీతంల కోత.
అందుకే కావచ్చు,
గిన్నెడు జొన్నపిండి ముందట
నలభై ఏండ్ల చేతులు వణికినయి.

మెస్ మూతపడ్డ వారం అది.
వానలకు మెస్ ఆయన చంద్రపూర్ పోయిండు.
రెండు రోజులు బిస్కెట్లు, ఒకరోజు అటుకులు.
నాలుగో పొద్దు తలుపుకు గొళ్లెం పెట్టుకొని
ఎవరూ చూడకుండ పొయ్యి ముట్టించిన.

మొదటి రొట్టె పీట మీదనే పగిలింది.
నడిమిట్ల పెద్ద చీలిక, ప్రాణహిత లెక్క.
అవతలి ఒడ్డు తెలంగాణకు పోయింది,
ఇవతలిది నా అరచేతికి అంటుకున్నది.
రెండోది
పెంక దాకా రాకుండనే దిగిపోయింది
టికెట్ కొనని మనిషి లెక్క.

కిటికీ కింద ఎర్రకుక్కకు వేసిన.
తిని తోక ఊపింది.
దాని ముందట గూడ సిగ్గయింది నాకు.

మూడు రోజులు ఇదే కత.
తెల్లారి పక్కింటి దుర్గం పోసక్క
తలుపు బాది గొళ్లెం తీయించింది.
"కాయ్ ఝాలం? మాడు వాసన వస్తది,
మనిషి మాత్రం బయటికి రాడు!"
తట్ట వెనుకకు దాచబోయిన.
చూడనే చూసింది.
నవ్వుతదనుకున్న.
"నీళ్ళు మసిలినయా?" అన్నది.
మసల్లేదు. గోరువెచ్చగ పోసిన.
"అట్లయితే పిండి నీ మాటెందుకు వింటది?"

మిర్చి ఏరి ఏరి వంకరపోయిన వేళ్ళు.
చప్, చప్, చప్,
పీట మీద రొట్టె తిరుగుతున్నది,
నేను ఊపిరి బిగబట్టిన.
అంచుకాడ టక్కున చీలింది.
ఆమెది!
నా వయసుకన్న ఎక్కువేండ్లు రొట్టెలు కొట్టిన చేతులది.

ఆగలే పోసక్క.
నీళ్ళల్ల వేలు ముంచి
చీలిక మీద ఒక్కసారి రాసింది.
మాట గూడ ఆపలే,
ఈసారి ఏరుడు కూలి ఎంత ఇస్తరో
చెప్పుకుంటనే ఉన్నది.

ఆ రాత్రి గొళ్లెం పెట్టలే.
నీళ్ళు మసిలినయి. చేయి కాలింది.
రొట్టె ఎన్నిచోట్ల చీలిందో లెక్కపెట్టలే,
లెక్కపెట్టుడు నా ఉద్యోగమైనా.
తడి వేలు, మళ్ళా తడి వేలు.
పెంక మీద ఒక పక్క మాడి
ఇంకో పక్క కొంచెం,
కొంచెమే, ఉబ్బింది.

ఎల్లిపాయ కారం అద్దుకొని
గడపల కూసొని తిన్న.
కుక్క వచ్చి చూసింది,
పడేసింది ఏమన్న ఉన్నదా అని.
ఏమీ లేదు.
నమ్మనట్టు నా దిక్కే చూస్తుంటే
ఉబ్బిన ముక్కనే తుంచి వేసిన.
వాసన చూసి, కొంచెం ఆలోచన చేసి
తిన్నది.