దిగి నెట్టినవాళ్ళకు అణా తగ్గింపు

కంపెనీ దానికి పెట్టిన పేరు లేడీ ఎడిత్.
ఏ దొర పెళ్ళామో ఏమో, ఈ నీళ్ళ మొహం చూసి ఎరగదు.
భీములవారిపాలెం రేవులో మొదటిరోజే
చివరి దీర్ఘాన్ని ఎవరో నీళ్ళలో పారేశారు:
లేడి వచ్చిందా? లేడి పోయిందా?

నడక మాత్రం ఈనడానికున్న గేదెది.
రెండు పక్కలా రెండు చక్రాలు, చక్రానికి ఎనిమిది టేకు బల్లలు.
పులికాటు నీళ్ళను చెంపకాయలు కొట్టుకుంటా పోతా ఉంటే
ఎర్రకాళ్ళ కొంగలు లేచి, కాస్త దూరం పోయి వాలి,
మళ్ళీ ఇదేనా అన్నట్టు చూసేవట.

నేనేం చూళ్ళేదు. నా దగ్గరున్నది చిట్టా.
మా తాత చేజర్ల అనంతయ్య, టిక్కెట్టు గుమాస్తా,
పాళీతో గీసిన గళ్ళు, ఉప్పుగాలికి అట్ట ఉబ్బిన పుస్తకం.

ఇరకం దాకా రెండణాలు. వేనాడు దర్గాకి అణాన్నర,
గంధం రోజు మూడు.
మేకకు అర టిక్కెట్టు. కోడికి లేదు, కూస్తే అణా.
(అది నిజంగానే రాసుంది, కింద సంతకంతో సహా.)
శవానికి ఎంత అని ఒకసారి రాసి, కొట్టేశాడు.
పక్కన చిన్న అక్షరాల్లో: కూర్చోదు గనక వద్దు.

సరంగు కాలేషా గురించి ఊరికో మాట.
రంగూన్‌లో పెద్ద ఓడలు నడిపాడంటాడు తడలో ఒకాయన.
ఇరకంలో ఆర్ముగం నవ్వాడు:
"రంగూనా? కాలవలో ఉప్పు పడవకి తాడు లాగినోడమ్మా.
నీళ్ళెంత లోతో మడమతో చెప్పేవోడు."
రెండూ నిజమే అయ్యుండొచ్చు.

చిట్టాలో లేని మనిషి ఒకతె ఉంది.
తుపాకుల మంకమ్మ.
తెల్లారకముందే సరుగుడు మోపులు ఎత్తుకొచ్చి
బాయిలరు పక్కన చతికిలబడేది.
టిక్కెట్టు లేదు, కూలీ లేదు.
కట్టె వెనక కట్టె అందిస్తా ఇరకం పోవడం,
ఎండ్రకాయలు అమ్ముకోవడం, తిరిగి రావడం. అదీ ఒప్పందం.
పద్దెనిమిదేళ్ళు.
నలభై ఒక్కరు అని తాత రాసిన రోజు
పడవలో నలభై ఇద్దరు.
ఆ ఒక్కతె ఊది ఊది కళ్ళు ఎర్రబడ్డాకే
చక్రం మొదటి చుట్టు తిరిగేది.

తర్వాత ముఖద్వారం పూడింది.
ఒకరోజులో కాదు, ఒక చిట్టాలో కాదు.
'ఆలస్యం' అన్న మాట మొదట నెలకొకసారి,
తర్వాత వారానికి,
తర్వాత ఆ మాట మానేసి, ఊరికే ఒక చుక్క.
బల్లలు నీళ్ళను కొట్టడం మాని బురద తవ్వేవి.
అప్పుడు కంపెనీ రేవులో బోర్డు కట్టింది:
దిగి నెట్టినవాళ్ళకు అణా తగ్గింపు.

పంచెలు ఎగ్గట్టి, చీరలు ఎగదోపి, బుట్టలు నెత్తిన పెట్టుకుని
పెళ్ళివారు, ఉప్పు కొటార్ల కూలీలు, ఒక హెడ్ కానిస్టేబులు
చుట్టూ చేరి పొగపడవను తోస్తా పోయారు.
నిండు టిక్కెట్టు ఇచ్చి పైన కూర్చున్నది ఒక్కడే,
సూళ్ళూరుపేట వడ్డీ వ్యాపారి. ఆయనకి మోకాళ్ళ నొప్పులు.
కాలేషా అప్పుడూ ఈల వేసేవాడట.
ఆవిరి దండగని గుమాస్తా గొణిగినా వేసేవాడట.

ఆఖరి పేజీలో వసూలు నిల్లు.
ప్రయాణికుల గడిలో మా తాత
అంకె వెయ్యాల్సిన చోట పేరు రాశాడు, మొదటిసారి:
మంకమ్మ, కట్టెలతో.
మిగిలినవాళ్ళు అప్పటికే మోకాలిలోతున నడిచి పోయారు.

ఇనుము మద్రాసు పోయింది.
గంట ఎవరు తీసుకున్నారో
మూడు ఊళ్ళు ఒకదాని మీద ఒకటి చెప్పుకుంటాయి.
ఒక టేకు బల్ల మాత్రం చూశాను,
ఇరకంలో, మంకమ్మ మునిమనవరాలి ఇంటి ముందు
వానల్లో పారే పిల్లకాలవకి అడ్డంగా.
నడుమ అరిగి పల్లమైంది. బోల్టు బొక్కలు నాలుగు.
చెప్పులు విడిచి దాటబోతే
లోపల్నించి కేకేసింది:
"ఒకరొకరే రాండమ్మా, ఊగతాది."