తిత్తి

చిత్తూరు రాతి చర్చిలో తొక్కుడు హార్మోనికి
తిత్తి చినిగినప్పుడల్లా
మా నాయనకు కబురొచ్చేది.
శనివారం, ఎవరూ లేని పూట,
వెనక వాకిలి గుండా.

రేషను కార్డులో గంగులప్ప,
చర్చి రిజిస్టరులో గమలీయేలు.
రెండు పేర్లకూ ఒకే ఆరె, ఒకే రంపె,
తంగేడు చెక్క వాసన పట్టిన అవే పదివేళ్లు.

నీవా ఒడ్డున మా పల్లెలో
ఆయన పలక కొడితే
పీనుగ కూడా లేచి ఒక అడుగేసి పడుకుంటుందనేవాళ్లు.
బాప్తిస్మం ఇచ్చిన పొద్దు పాస్టరయ్య చెప్పినాడు:
"అది దయ్యాల వాయిద్యం, గమలీయేలూ.
దేవుడింట్లోకి వద్దు."
నాయన పలకను అటకెక్కించినాడు.
పొయ్యి సెగకు బిగిసి
కొన్ని రాత్రుళ్లు అది తనంతట తానే
టప్పుమనేది.

అదే మేకతోలు. నాకు తెలుసు,
సున్నంలో నానేసింది నేనే.
ఒక ముక్క పలకకు పోతే దయ్యం,
ఇంకో ముక్క తిత్తికి పోతే స్తోత్రం.

ఏడున్నరకు ఇంగ్లీషు ఆరాధన, బూట్లతోనే లోపలికి.
తొమ్మిదిన్నరకు తెలుగు, చెప్పులు బయట.
క్రిస్టబెల్ టీచరమ్మ నా గొంతు విని
ఇంగ్లీషు క్వయరులో రెండో వరసలో నిలబెట్టింది.
తెల్లంగీ ఇచ్చింది.
సగం మాటలకు నాకు అర్థం తెలీదు.
కానీ నా గొంతు కింద ఇంకో మూడు గొంతులు
గోడ కట్టినట్టు లేచినప్పుడు
ఒళ్లంతా జిల్లుమనేది.
ఆ జిల్లు అబద్ధం కాదు.
ఎవరేమన్నా, ఇప్పటికీ కాదు.

ఒక శనివారం ప్రాక్టీసుకు ముందుగా వచ్చినాం.
హార్మోని పొట్ట విప్పి, పక్కన నేలమీద పడుకొని
నోట్లో దారంతో నాయన.
తాసిల్దారు గారి మనవరాలు ఎవలిన్ ముక్కు మూసుకొని
"ఎవరే అతను? నిన్ను చూసి నవ్వుతున్నాడు" అంది.
"రిపేరుకు వచ్చినాయన" అన్నాను.

అందులో అబద్ధం ఒక్క అక్షరం లేదు.
మాట చివర్న నాయన ఉండనే ఉండాడు,
ఎవరికీ వినబడలేదు.
ఏ పుంజూ కూయలేదు.
రోడ్డు మీద పలమనేరు బస్సు హారను కొట్టింది, అంతే.
నాయన నవ్వును మడిచి తిత్తిలో పెట్టి
కుట్టుకుంటా పోయినాడు.

మర్నాడు పాడినాం. గాలి ఆయనది.
ఆయన బయట, సైకిలు పక్కన,
తొమ్మిదిన్నర కోసం కాచుకొని.

ఇప్పుడు చర్చిలో కీబోర్డు ఉంది,
వేలూరు నుంచి తెచ్చిన డ్రమ్ముల సెట్టు ఉంది.
దాన్ని ఎవరూ దయ్యమనలేదు.
మొన్న కోతపండగ వేలంలో
గుమ్మడికాయ డాక్టరు గారికి ఆరువేలకు పోయింది,
కాలికి తాడున్న పుంజు రెండువేల ఐదొందలు.
హార్మోని తొమ్మిదొందలు.
పాడింది నేనే.
ఆ చర్చిలో మా ఇంటిపేరు చెప్పి
నేను పాడిన మొదటి పాట అదే.

ఆటోలో వేసుకొచ్చి విప్పితే
రీడ్లకు తుప్పు, ఎలుక గూడు,
ఎవరో వేయడం మానుకున్న కానుక కవరు.
తిత్తి మాత్రం చెక్కుచెదరలేదు.
కుట్టు వెంబడి వేలు పెట్టుకుంటా పోతే
తొమ్మిదో కుట్టు దగ్గర దారం కాస్త వంకర.
తలెత్తి నవ్వింది అక్కడే అయ్యుంటుంది.

రాత్రి ప్రార్థనకు మోకరిస్తే మాట రాదు చానాసార్లు.
లేచి, హార్మోని ముందు కూర్చొని
ఒక్క మెట్టూ నొక్కకుండా ఊరికే తొక్కుతాను.
ఊపిరి వస్తుంది, పోతుంది,
తంగేడు చెక్క వాసనతో.

నిన్న పక్కింటి పిల్ల గడపలో నిలబడి అడిగింది:
"ఎవరక్కా లోపల?"

కాళ్లు ఆపలేదు.
"రా, కూర్చో" అన్నాను.