సపోటా చెట్టు మీది ఇన్వర్టరు

గుణుపురంలో మా ఇల్లు వంశధారకి రెండు వీధుల ఇవతల.
కరెంటు పోతే ఇన్వర్టరు మూడుసార్లు అరుస్తుంది:
కీక్, కీక్, కీక్.
నేనున్నాను, కంగారుపడకు అని దాని అర్థం.

ఈ ఫాల్గుణంలో మాత్రం
కరెంటు ఉండగానే అరవడం మొదలెట్టింది.
పొద్దున్న ఐదున్నరకి ఒకసారి,
నేను పప్పు తాలింపు పెట్టే వేళకి ఒకసారి.

కాలేజీ ఫిజిక్సు ల్యాబులో అటెండరుని,
పద్దెనిమిదేళ్ళుగా ఓల్టుమీటర్లు తుడుస్తున్నదాన్ని,
నాకు తెలీదా అని మూత విప్పాను.
చెవి ఆనించి విన్నాను.
నెమరేస్తున్న గేదెలా గుర్రుమంటోంది తప్ప
ఇంకో మాట లేదు.

కుంజబిహారి పాత్రో వచ్చాడు, మల్టీమీటరు చంకన పెట్టుకుని.
బ్యాటరీలో నీళ్ళు పోశాడు, టెర్మినళ్ళకి వాజలీను రాశాడు.
"కిచ్ఛి నాహిఁ, అక్కా" అని రెండొందలు తీసుకున్నాడు.
గుమ్మం దాటుతున్నాడో లేదో
కీక్, కీక్, కీక్.
ఒక్క క్షణం ఆగాడు. నా ముఖం చూశాడు.
చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

కనిపెట్టింది మా లిప్స.
(పక్కింటి ఒడియా వాళ్ళ పిల్ల పేరు నచ్చి పెట్టుకున్నాం.)
"అమ్మా, నీ ఇన్వర్టరు సపోటా చెట్టు మీదుంది."

కళ్ళ చుట్టూ పసుపు పూసుకున్న గోరింక.
తల వంచి, గొంతు ఉబ్బించి,
మూడంటే మూడే.
నాలుగోది పొరపాటున కూడా అనదు.

ఎక్కువ కూతలొచ్చిన మగపక్షికి
పెళ్ళి త్వరగా కుదురుతుందంటారు.
అదే నిజమైతే మా ఇన్వర్టరు
ఒక సంబంధం కుదిర్చినట్టే.

ఆ మర్నాటి నుంచి నాకిదే పని,
ఈ ఇంట్లో దేన్ని ఎవరు వాడుకుంటున్నారో చూడటం.
రౌటరు వెనక బల్లి కాపురం.
ఆకుపచ్చ దీపాలకి పురుగులొస్తాయి, వీపుకి వెచ్చదనం.
నెల నెలా బిల్లు మాది, కనెక్షను దానిది.
ఫ్రిజ్ వెనక పిల్లి.
ఫ్రిజ్ చల్లదనాన్ని పుట్టించదు,
లోపలి వేడిని బయటికి గెంటుతుంది, అంతే.
అలా గెంటేసిన వేడి మీద
పిల్లి కాళ్ళు బారజాపుకుని పడుకుంటుంది.

ఫోను సంగతి వేరు.
"ఫేను తగ్గించీ" అంటాను.
"క్షమించండి, మళ్ళీ చెప్పండి."
సగం తెలుగు, సగం ఒడియా కలిసిన నా మాట
రెండేళ్ళయినా దానికి పట్టుబడలేదు.
ఎవరూ నేర్పకుండా, ఎవరూ అడక్కుండా
గోరింక నెలరోజుల్లో పరీక్ష పాసయింది.

వంటింటి స్విచ్చుబోర్డు విప్పితే
చెంచాడు చచ్చిన చీమలు.
చింతపండు అమ్మడానికొచ్చిన సునాయి సవర
చెంగు సర్దుకుని తొంగి చూసింది.
"ఒకటి పిలిసింది. మిగతావొచ్చాయి" అంది.
మా లెక్చరరు గారు అదే మాటని
బోర్డు నిండా రాసి, గంట కొట్టేదాకా చెప్పారు:
షాకు తగిలిన చీమ వదిలే వాసన,
దానికి పరుగెత్తుకొచ్చే తోటివి, వాటికీ షాకు.
సునాయికి ఊరికే పొగడ్తెందుకని
చింతపండు ఇంకో అరకిలో తీసుకున్నాను.

మొన్న మంగళవారం రాత్రి
కీక్, కీక్ అని ఒకటే గోల.
గోరింకే లే అనుకుని అటు తిరిగి పడుకున్నాను.
రాత్రిపూట గోరింక కూయదన్న ముక్క
ఫేను నిలిచిపోయాక గుర్తొచ్చింది.

బ్యాటరీ చచ్చింది.
అగ్గిపెట్టె కోసం గోడ తడుముతూ పోతున్నా.
రౌటరు దీపాలు లేవు.
బల్లి ఎక్కడో చిక్ చిక్ మంది, ఫిర్యాదులాగా.
చీమలైతే పిలవగానే వచ్చేవి.

తెల్లారి పళ్ళు తోముకుంటుంటే
సపోటా మీద కొత్త పాఠం నడుస్తోంది.
ఆ రాత్రి చివరి అరుపు,
పొడుగ్గా, ఆపకుండా సాగదీసింది.
ఇంకా సరిగ్గా కుదరలేదు.
మధ్యలో ఊపిరి అందక
మళ్ళీ మొదటికొస్తోంది.