ఎడమ చిటికెన వేలు

ఆదోని కోర్టు గోడవారన
రేకు చాటున నా టైపు మిషను.
ముప్పయ్యేండ్లుగా ఈ తాలూకా తగాదాలన్నీ
నా వేళ్ళ సందున ఇంగ్లీషులోకి పోతాండాయి.

ఖాజా మియా సారు నేర్పినాడు నాకు,
బెత్తం మిషను మీద ఆనిచ్చి:
"జోడెద్దులకు కాడి ఒకటే గదమ్మా?
ఎ నైఫ్ అండ్ ఫోర్క్.
ఒకే కంచం కాడ ఉండేటివి, ఒక 'ఎ' చాలు.
రెండోది కొట్టినావో, రిబ్బను దండగ,
పైగా జత విరిగె."

"మరి గుర్రమూ ఎద్దూ, సార్?"
"ఎద్దు మెడ వేరు, దానికి 'ఆన్' కావల్ల.
కాడి పట్టనప్పుడు ఎవరిది వాళ్ళకిచ్చెయ్."

ఇంకో దినం:
"ది సెక్రటరీ అండ్ ట్రెజరర్ అంటే
మనిషొకడే, కుర్చీలు రెండు.
నడుమ ఇంకో 'ది' పడిందా,
ఇద్దరు మనుషులు, రెండు జీతాలు."
నవ్వినాడు. నేను రాసుకున్యా.

మన మాటకు ఈ బాధ లేదు.
ఎండా వానా, అత్తా కోడలూ
కొసలు రెండూ రవ్వంత సాగదీస్తే
పడనోళ్ళు కూడా పక్కపక్కన కూర్చుంటారు.

ఉరుకుందమ్మ, తిక్కస్వామి
విడిపోతామని వచ్చిన ఎండాకాలం
సామాన్ల పట్టీ కొట్టమన్నాడు ప్లీడరు.
కరెంటు లేదు. జిన్నింగు మిల్లు దూది ముక్కులో.
నులకమంచం, ఇత్తడి బిందెలు, గడియారం,
రోలూ రోకలీ.

ఎ మోర్టార్ అండ్ ఎ పెస్టిల్
అని పడింది.
'ఎ' ఉండేది ఎడమ చిటికెన వేలి కింద.
అలవాటున అదే పోయి కొట్టింది.

గుమాస్తా పెన్నుతో లెక్కపెట్టినాడు:
రెండు 'ఎ'లు, రెండు వస్తువులు.
రోలు ఆమెకు. రోకలి అతనికి.
ఎవరూ నవ్వలే.
అతనిది సంతకం, ఆమెది వేలిముద్ర.

కందులు ఇంటికొచ్చే కాలానికి
తిక్కస్వామి మళ్ళీ వచ్చినాడు, రోకలి భుజాన.
ఇన్నాళ్ళూ తలుపుకు అడ్డం పెట్టుకున్యాడంట.
"ఆమె పక్కింట్లో దంచుకుంటాందంట అమ్మా.
దీన్ని ఇచ్చేదానికి ఏమన్నా కాగితం కావల్నా?"

కోర్టు కాగితం దిద్దే హక్కు నాకు లేదు.
కొత్త తెల్లకాగితం ఎక్కించి
ఒక్క వరస కొట్టినా,
ఎ మోర్టార్ అండ్ పెస్టిల్.
ముద్రా లేదు, నంబరూ లేదు.
అతను చదవలేడు. మడిచి జేబులో పెట్టుకున్యాడు.
రూపాయలిస్తే తీసుకోలే.

రోకలి భుజాన యాడికి పోయినాడో చూడలే,
పార్టీలు వరసగా నిలబడినారు.
కోర్టు కాడ కథలు కొసకంటా వినేంత తీరిక
ఎవురికుంటాది?

పెండ్లిలో పట్టుకునేది ఈ వేలేనంట.
ఇప్పటికీ 'అండ్' తర్వాత
అది గాల్లో ఆగి
నన్ను అడుగుతాది.