ఎనిమిది నిలువులు

పల్ప్ ఫ్యాక్టరీలో సీజను అయిపోయింది.
గోళ్ళ సందుల్లో ఇంకా బెంగళూరా మామిడి వాసన,
బ్యాంకులో ఓవర్‌టైం డబ్బులు,
టేబుల్ మీద రెండు డైవ్ కంప్యూటర్లు.

పుదుచ్చేరిలో డైవింగ్ నేర్పిన ఇళంగో
"వారం ఉంచుకో, ఒకటి కొనుక్కో,
ఇంకోటి తిరిగిచ్చెయ్" అని
పాత సాక్సులో చుట్టి ఇచ్చాడు.

ఒకటి రంగులది.
దిక్సూచి ఉంది, ఫోనుతో మాట్లాడుతుంది,
సిలిండర్లో గాలి ఎంత మిగిలిందో కూడా చెబుతుందట
(అందుకు ఇంకో ముక్క కొనాలి, ఇంకో ఇరవై వేలు).
రెండోది బూడిద రంగుది.
మొద్దు మొహం, రెండే బటన్లు.
రూపాయి బిళ్ళతో మూత తిప్పి
బ్యాటరీ నేనే మార్చుకోవచ్చు.

పదకొండేళ్ళుగా నా కొలువు ముళ్ళు చదవడమే.
ఆవిరి ఒత్తిడి, డబ్బా వేడి, గుజ్జు తీపి.
ముల్లును నమ్మితేనే
డబ్బా ఉబ్బకుండా ఓడెక్కుతుంది.
అట్లాంటిదాన్ని, దేన్ని నమ్మాలో తేలక
రెండు రాత్రులు పడుకోలేదు.

ఆదివారం చిత్తూరులో బస్సెక్కి తవణంపల్లె పోయాను,
చెంగల్రాయుడు చిన్నాయన దగ్గరికి.

బావిలో మోటారు పడితే, బిందె పడితే, దూడ పడితే
(ఒకసారి మనిషి, ఆ సంగతి చెప్పడు)
చుట్టూ పదూళ్ళకీ ఆయనే.
ఊపిరి బిగబట్టి దిగేవాడు, నడుముకు మోకు.
మోకు కొస దేశమ్మ పిన్ని చేతిలో.
ఆమె లోలోపల లెక్కపెట్టేది,
ఎంతవరకో ఎవరికీ చెప్పేది కాదు.
లెక్క నిండితే లాగేసేది,
వస్తువు చేతికి దొరికినా దొరక్కపోయినా.
ఆయన ఎడమ చెవి ఏదో బావిలోనే పోయింది.
పిన్ని పోయి నాలుగేళ్ళు.

"ఏందిమే ఇది, వాచీనా?"
"ఎంత లోతులో ఉన్నామో, ఇంకెంతసేపు ఉండొచ్చో
చెబుతుంది చిన్నాయనా."
"దీనికెట్ట తెలుసు?"
ఇళంగో చెప్పిందే చెప్పాను:
లోపల గాలి రక్తంలో కరుగుతుంది,
గబాల్న పైకొస్తే
గోళీసోడా కొట్టినట్టే.
తల ఊపాడు. సోడా అర్థమైంది.

రెండింటినీ ఒకే మోకుకు కట్టాం, కింద బరువుకు రాయి.
బూడిదదాన్ని తెరిస్తే ముందుగా అడిగింది,
ఉప్పునీళ్ళా, మంచినీళ్ళా అని.
ఆ ప్రశ్న చిన్నాయనకు నచ్చింది.
"మంచినీళ్ళే అని చెప్పు దానికి.
మా తాత తవ్వినాడు."

మోకు జారుతుంటే ఆయన పెదాలు కదిలాయి.
నిలువు. రెండు. మూడు.
"ఎనిమిది. రాయి ఆనింది చూడు."

తర్వాత బిన్నా లాగినాడు,
చేతులకు అదే అలవాటు.

సగంలోనే బావి కీచుమంది.
ఆయనకు వినపడలేదు.
"అరుస్తాండాయి చిన్నాయనా, మెల్లింగా లాగు."
మోకు ఆపి కుడిచెవి వంచాడు.
చాలాసేపు అట్లే వంచి ఉన్నాడు.

బయటికి తీసేసరికి
రంగులదాని మీద మూడు హెచ్చరికలు ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి,
ఎండకు ఒక్కటీ కనపడలేదు.
బూడిదదాని మీద ఒకే మాట, వేలెడంత ఇంగ్లీషు అక్షరాల్లో:
మెల్లగా.
కళ్ళజోడు లేకుండా చదివాను.

లోతు ఒకటి పదమూడు పాయింటు ఒకటి అంది,
ఇంకోటి పదమూడు పాయింటు రెండు.
"ఆ బెత్తెడుకా ఇంత రేటు?" అన్నాడు,
తన ఎనిమిది నిలువులకేం ఢోకా లేనట్టు.

మోకు చుట్టుకుంటూ అడిగాడు:
"బిందె చేతికందేంత దగ్గరుంటే,
అప్పుడు గూడా లాగేస్తాదా ఇది?"
"లాగదు చిన్నాయనా. చెబుతుందంతే.
రావాల్సింది నేనే."

ఆయన ఏమీ అనలేదు.
ఇంకో రెండు చుట్లు చుట్టాడు.
"అట్లయితే, ఎక్కువ మాట్లాడేది వద్దులేమే."

బస్సులో రంగులదాన్ని సాక్సులో చుట్టేశాను.
బూడిదది చేతికుంది, తడి ఆరలేదు,
విమానం బొమ్మ మీద అడ్డగీత, పక్కన పన్నెండు.
బయల్దేరే ముందు చూపించాను:
పన్నెండు గంటలు ఎగరొద్దంట.

"ఎవురు? మోకా?" అన్నాడు.