మూడో బహుమతి

చామంతుల పండగని బయల్దేరి
చామదుంపల దగ్గరే ఆగిపోయాం.
"ముందు కడుపు సంగతి చూద్దాం,
పూలెక్కడికి పోతాయి, వాటికేం కాళ్లా?" అంది ఫుసాయె.

ఒంటిపెట్టె రైలు మమ్మల్ని దింపేసి
కోత అయిపోయిన వరిమళ్ల మీదుగా వెళ్లిపోయింది.
కొండల మీద ఈ ఏటి మొదటి మంచు, ఇంకా కొసలకే,
ఎవరో చిటికెడు ఉప్పు చల్లి
చాల్లే అనుకున్నట్టు.

బడి మైదానం నిండా డేరాలు.
మైకులో ఎవరిదో పోయిన గొడుగు:
నీలం రంగు, పిడి విరిగింది, వచ్చి తీసుకోండి.
సోయాలో ఉడికిన కొన్యాకు ఉండలు
పుల్లకి మూడు, పైన ఆవముద్ద.
కొరికితే రబ్బరు బంతి, మింగితే ముక్కులోంచి పొగ.
పక్క బల్ల మీద చిన్న గిన్నెల్లో
ఊదారంగు చామంతి రేకులు, ఉడికించి వెనిగర్ చిలకరించినవి.
ఈ లోయలో ఆ పువ్వు పేరే "ఎంత మాట!"
రాజముద్ర మీది పువ్వుని నమిలేస్తారా అని
ఎప్పుడో ఎవరో ముక్కున వేలేసుకుంటే
అదే పేరై కూర్చుందట.
నేను వేలేసుకోలేదు.
రెండో గిన్నె అడిగాను.

అసలు కథ పులుసు దగ్గర.
పులుపు లేని పులుసే, దుంపలదే,
కానీ మైదానానికి ఇటొక కాగు, అటొక కాగు.
ఇటు కొండవాళ్లది: గొడ్డుమాంసం, సోయా.
అటు సముద్రం వైపువాళ్లది: పందిమాంసం, మిసో.
దుంప అదే, జిగురు అదే,
పొగ కూడా పైకెళ్లాక కలిసిపోతోంది.
గరిటెలు మాత్రం ఎదురెదురుగా,
సరిహద్దు కాపలాల్లా.

ఫుసాయెది సముద్రం వైపు.
ఈ లోయకి కోడలై వచ్చిన ఏడే
అత్తగారు గరిటె చేతికిచ్చి
"మనింట్లో ఇలా" అందట.
అంతే. నలభై ఒక్క శరత్తులు సోయా.

ఈవేళ మఫ్లరు ముక్కుదాకా లాక్కుని
మైదానం అడ్డంగా నడిచింది,
దొంగలా కూడా కాదు,
పాత బాకీ వసూలుకి వెళ్లేదానిలా.
"రెండు" అంది, అంతే.
ఆ ఒక్క మాటలోనే ఏం వినిపించిందో
గరిటె పట్టుకున్నావిడ తలెత్తి
"ఏ రేవమ్మా మీది?" అంది.
ఆపైన ఫుసాయె నోట వచ్చిన యాస
పదిహేనేళ్ల ఇరుగుపొరుగులో నేనెన్నడూ విననిది.
మాటల చివరలు కెరటాల్లా వెనక్కి లాగుతున్నాయి.

ఊదుకుంటూ ఒక గుక్క.
"ఉప్పెక్కువైంది. మా అమ్మ ఇంత వేసేది కాదు."
గిన్నె అడుగు కనిపించేదాకా ఏమీ మాట్లాడలేదు.
మళ్లీ క్యూలో నించుంది.
"మా ఆయనతో అనకు."

వాళ్లాయన హిసమిత్సు పూల డేరాలో ఉన్నాడు,
మూడో బహుమతి రిబ్బను పక్కన,
రిబ్బనుకి వీపు తిప్పి.
మనిషి తలకాయంత తెల్లటి పువ్వు, కాడకి ఒక్కటే,
బరువుకి వాలకుండా కింద తీగచట్రం.
మే నెల నించీ పక్కమొగ్గలన్నీ రోజూ గిల్లేస్తేనే
ఈ ఒక్కటీ ఇంతైందని
వచ్చినవాళ్లందరికీ చెబుతున్నాడు.
పట్టకారుతో ఓ రేకు సవరించబోతూ
ఫుసాయె చేతికోటు అంచు చూశాడు.
గోధుమరంగు మరక, అరచుక్క.

పట్టకారు గాల్లో ఆగింది.
"ఉప్పు సరిపోయిందా?"
"ఎక్కువైంది."
"చేపలవాళ్లు కదా, అంతే" అని రేకు సవరించాడు.
ఇంకోటి సవరించాడు.
సవరించిందే మళ్లీ సవరించి,
"అయిపోయిందా, ఇంకా ఉందా?"

పట్టకారు నా చేతిలో పెట్టి
దీని మీద ఊపిరి వదలకు అని చెప్పి
ఇద్దరూ మైదానం అడ్డంగా వెళ్లారు,
ఆయన రెండడుగులు ముందు, ఆవిడ దారి చూపిస్తూ.

మైకులో మళ్లీ నీలం గొడుగు.
నాదే అది.
పువ్వుని వదిలి కదలడానికి లేదు.