మైదాకు కంచె

సమాయిల్‌ల ఈ ఖర్జూరం తోటకు
మూడు దిక్కుల గోడ, నాలుగో దిక్కు మైదాకు.
ఫలజ్ కాలువ నీళ్లు మా వంతుకు వచ్చేది రాత్రి రెండింటికి.
పార పట్టుకొని మడవ తిప్పుతుంటే
ముందుగాల వాసన తగులుతది,
తర్వాతనే చెట్టు కనవడుతది.

పూవు ఎంతుంటది? నూకంత.
ముసలమ్మ మోజా దాన్ని నీడకు ఆరబెట్టి
ఉన్ని దుప్పట్ల మడతల్ల చల్లుతది, పురుగు రాదని.
ఆకుది వేరే లెక్క:
పెండ్లికి, పురిటికి, తలనొప్పికి,
ఎండల తిరిగొచ్చిన మనిషి అరికాళ్లకు.
"మా అత్త నాటింది" అంటది.
"పుట్టింటి నుంచి కొమ్మ తెచ్చుకుంది,
గాడిద మీద మూడు దినాలు, తడిగుడ్డ చుట్టి.
ఆమె తెచ్చిన వెండి అంతా అమ్మిన్రు.
కొమ్మను ఎవలు కొంటరు? అది బతికింది."

వంటింట్ల రాయచోటి ఓబుళమ్మ గోరింటాకు అంటది.
నేను మైదాకు అంట. మోజా హిన్నా అంటది.
ముగ్గురం వాదులాడుతుండంగనే
మేక వచ్చి రెమ్మ మేసిపోయింది,
పేరు అడగలే.

పోయిన చలికాలం బతాకా మార్చుకుందామని పోతే
మిషను నా వేలు చదవలే.
పద్దెనిమిదేండ్ల పార, సున్నం, ఈనెల ముండ్లు
గీతలన్నీ తిన్నయి.
"రాజేశం అంటే నువ్వేనా?" కౌంటరు పిల్లగాడు మూడుసార్లు అడిగిండు.
ఔనన్న.
మిషను కాదన్నది.

మోజా ఎండునిమ్మ రసం పోసి ఆకు నూరి
గిన్నె గడప మీద పెట్టింది.
ఓబుళమ్మ పాత చున్నీ చించి ఇచ్చింది.
పట్టీలు నేనే కట్టుకున్న, పండ్లతోని ముడేసి,
తొమ్మిది రాత్రులు.
"పెండ్లిపిల్లా, అత్తగారిల్లు ఏ ఊరే?" రూముల పోరగాండ్లు.
"కఫీల్ ఇల్లే" అన్న.

పదో దినం పచ్చదీపం వెలిగింది.
పగుళ్లు పూడినయో,
మిషనుకే ఇసుగు పుట్టిందో.

మొన్న మోజా కొడుకు నాలుగో గోడకు ముగ్గు పోయించిండు.
బండ్లు నిలుపుకోను జాగ కావాలెనట.
గొడ్డలి నాకే ఇచ్చిండు.
నరికిన.
ఏం చేస్త మరి, నరికిన.
ఆ పొద్దు మోజా కిటికీ తీయలే.

ఒక్క కొమ్మ పెయింటు డబ్బాల గుచ్చి
రూము వెనుక, ఏసీ నీళ్లు కారేకాడ పెట్టిన.
గోరు మీది ఎరుపు కొసకు జరిగి
నెలవంకంత మిగిలింది.
పని దినాన ఆ గోరు అడ్డమే, అయినా కోయలే.
కొమ్మ ఇంకా చిగురెయ్యలే.
వేరు దిగిందో లేదో
పీకి చూడబుద్ధి అయితది.
పీకను.